సెలీనా గోమెజ్ ‘దె ఉన వేస్’: ఆ ఉచ్చారణ గొడవేంటి, స్పానిష్ రాకుండా ఆ పాట ఎలా పాడాలి?

మీరు అడిగినవి రెండు. 2021లో ‘దె ఉన వేస్’ అనే స్పానిష్ పాటకి మెప్పు పొందిన అమెరికన్ గాయని సెలీనా గోమెజ్‌నే మూడేళ్ల తర్వాత స్పానిష్ సరిగా రాదని ఎందుకు దుయ్యబట్టారు? స్పానిష్ ముక్క రాని తెలుగువాళ్లు ఆ పాట పాడాలంటే ఎలా? రెండింటికీ మూలం ఒకటే: పాటలో నోటికి పడే పని వేరు, మాటలో పడే పని వేరు.

పాట 2021 జనవరి 14న వచ్చింది. సంగీతం వెనక ముఖ్యమైన మనిషి ప్యూర్టోరికోకి చెందిన టైనీ. అదే నెల 29న రావ్ అలెహాండ్రోతో కలిసి పాడిన ‘బైలా కొన్మీగొ’, మార్చి 12న ఏడు పాటల ‘రెవెలసియోన్’ విడుదలయ్యాయి. ‘రెవెలసియోన్’ బిల్‌బోర్డ్ లాటిన్ ఆల్బమ్‌ల పట్టికలో ఒకటో స్థానంలో, అన్ని భాషల పట్టికలో 22లో దిగింది. లాటిన్ పాప్ విభాగంలో గ్రామీ నామినేషన్ కూడా వచ్చింది, అదే ఆమెకి తొలి గ్రామీ నామినేషన్. ‘దె ఉన వేస్’ వీడియోకి లాటిన్ గ్రామీ నామినేషన్ దక్కింది.

‘దెస్పసీతొ’ (2017) అనే స్పానిష్ పాట తర్వాత అందరూ స్పానిష్ వైపు పరిగెత్తారు, ఈమె కూడా ఆ గాలికే వచ్చిందని అప్పట్లో అన్నవాళ్లున్నారు. ఆ మాట నిలబడదు. 2010లోనే ‘ఎ ఇయర్ వితౌట్ రెయిన్’ పాటని స్పానిష్‌లో కూడా పాడింది. తండ్రి వైపువాళ్లది మెక్సికో మూలం. పుట్టింది టెక్సస్‌లో, పేరు పెట్టింది గాయని సెలీనా కింతనీయా మీద అభిమానంతో. ఆ పెద్ద సెలీనా కూడా ఇంగ్లిష్‌లో పెరిగి, తండ్రి నేర్పగా మాటల ధ్వని పట్టుకుని స్పానిష్ పాడిన మనిషే. అయినా మెక్సికో జనం ఆమెని నెత్తిన పెట్టుకున్నారు.

మరి గొడవ ఎక్కడొచ్చింది? 2024లో, ‘ఎమిలియా పెరెస్’ సినిమాతో. కథ మెక్సికోది, అందులో సెలీనా పాడడమే కాదు, స్పానిష్‌లో మాట్లాడాలి కూడా. కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి బహుమతిని నలుగురికి కలిపి ఇస్తే అందులో ఆమె ఉంది. డిసెంబరులో మెక్సికన్ నటుడు యుహేనియొ దెర్బెస్ ఒక పాడ్‌కాస్ట్‌లో ఆమె స్పానిష్‌ని గట్టిగా విమర్శించాడు. ఇచ్చిన సమయంలో చేయగలిగినంత చేశానని ఆమె బదులిచ్చింది, ఆయన క్షమాపణ చెప్పాడు. ‘ళ’ని ‘ల’ అని పాడితే మన చెవిలో రాయి పడ్డట్టుంటుంది, తెలుగు రానివాళ్లకి అదే పాట తేనెలా ఉంటుంది. ఇక్కడా అంతే. దర్శకుడు జాక్ ఓదియార్‌కి స్పానిష్ రాదన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

పాటలో ఊనిక, అంటే మాటలో గట్టిగా పలికే చోటు, ఎక్కడ పడాలో బాణీయే చెబుతుంది. ‘దె ఉన వేస్’ నెమ్మదైన పాట, అచ్చులు సాగుతాయి, స్టూడియోలో ఒక్క మాటని ఇరవైసార్లు పాడి ఒకటి ఉంచుకోవచ్చు. డైలాగులో ఊనిక, వేగం, వాక్యం ఎక్కడ లేచి ఎక్కడ దిగాలి అన్నవన్నీ మనిషే తెచ్చుకోవాలి. స్పానిష్‌లోనే తాను ఇంకా బాగా పాడతాననిపిస్తుందని సెలీనా ఆ రోజుల్లో చెప్పింది. ఒక్క మాట కూడా తప్పు పలకడానికి వీల్లేదని కూడా అంది. రెండూ నిజమేనని పాట వింటే తెలుస్తుంది.

ఇక పాడటం. ఇంగ్లిష్‌వాళ్ల కంటే మనకి ఇది సులువు. స్పానిష్ అచ్చులు ఐదూ మన అ, ఎ, ఇ, ఒ, ఉలే. ఇంగ్లిష్‌లో లాగా ‘నో’ చివర ‘నోఉ’ అని జారవు. ప, త, క కూడా మనవే, ఒత్తు లేనివి. కానీ ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్న సాహిత్యం చూస్తూ పాడితే ఈ లాభమంతా పోతుంది. టీ అక్షరం కనపడగానే మన నోరు ‘ట’ అంటుంది, డీకి ‘డ’, జెడ్‌కి ‘జ’. స్పానిష్‌లో అవి త, ద, లాటిన్ అమెరికాలో స. కాబట్టి మొదటి పని, పాటంతా తెలుగు లిపిలో మీ చేత్తో రాసుకోవడం.

పల్లవి మాటే దగ్గరగా చూద్దాం. ‘దె ఉన వేస్’ అంటే ఇక తేల్చేసి, ఒక్కసారిగా అని. కాగితం మీద నాలుగు అక్షరాలు, పాటలో మూడు దెబ్బలు: దెఉ, న, వేస్. మనకి సంధి అలవాటు కాబట్టి ఇక్కడ రెండు తప్పులు వస్తాయి. ‘రాముడు ఇతడు’ని ‘రాముడితడు’ చేసినట్టు ముందు అచ్చు మింగేసి ‘దున’ అనడం ఒకటి. యడాగమం తెచ్చి ‘దెయున’ అనడం ఇంకోటి. స్పానిష్‌లో రెండు అచ్చులూ బతికే ఉండాలి, కాలం మాత్రం ఒక్క అక్షరానిదే. మీ కాగితంలో ఆ రెండింటి కింద చిన్న విల్లు గీయండి. పాట మొత్తంలో ఇలాంటివి వరసగా దొరుకుతాయి, తాళం తప్పేది ఎక్కువగా అక్కడే.

‘వేస్’లో వ అచ్చుల మధ్య ఉంది కాబట్టి రెండు పెదాలూ దగ్గరికొస్తాయి కానీ అంటుకోవు, పళ్లు అసలు తగలకూడదు. అదే అక్షరం వాక్యం మొదట్లోనో, న, మల తర్వాతో వస్తే ‘బ’ అవుతుంది. బీ, వీ అక్షరాలకి స్పానిష్‌లో ధ్వని ఒకటే. చివర స్ దగ్గర చాలా జాగ్రత్త. బస్సు, కారు అన్నట్టు హల్లు చివర ‘ఉ’ తగిలించడం మన నాలుకకి పుట్టుకతో వచ్చిన అలవాటు. ‘వేసు’, ‘అమోరు’ అయిపోతుంది. తెలుగువాళ్లతో పాడించేటప్పుడు అన్నిటికంటే ముందు దిద్దాల్సింది ఇదే. గొంతు ఆపేసి గాలి మాత్రమే సన్నగా వదిలితే ఆ ‘ఉ’ రాదు.

ఊనిక సూత్రం చిన్నదే. మాట అచ్చుతోనో, న్‌తోనో, స్‌తోనో ముగిస్తే చివరి నుంచి రెండో అక్షరం మీద, వేరే హల్లుతో ముగిస్తే చివరి అక్షరం మీద పడుతుంది. అచ్చు మీద గీత ఉంటే ఈ సూత్రం పక్కనపెట్టి ఆ గీత దగ్గరే ఊనండి. ‘కొన్మీగొ’లో మీ, ‘అమోర్’లో మో, ‘కొరసోన్’లో గీత ఉంది కాబట్టి సో. ఇక్కడ అచ్చు తేలేలా దీర్ఘం రాస్తున్నాను కానీ మీ కాగితంలో హ్రస్వమే రాసి కింద గీత పెట్టుకోండి. దీర్ఘం చూస్తే మన గొంతు రెండు మాత్రలు సాగదీస్తుంది, స్పానిష్ ఊనికకి అంత నిడివి ఉండదు.

‘ర’ ఒకటే ఉంటే కరలో ర. రెండుంటే, లేదా మాట మొదట్లో ఉంటే, గుర్రంలో లాగా నాలుక ఆడాలి. హెచ్ పలకదు. ఎన్ మీద అలలాంటి గుర్తుంటే అది ‘ఞ’, కంచె అనేటప్పుడు చ ముందు నాలుక తగిలే చోటు. 2010 పాట పాడాలనుకుంటే దీన్ని వదలొద్దు: ‘ఆన్యొ’ అంటే ఏడాది, ‘ఆనొ’ అంటే మలద్వారం.

సాధన రోజుకి నాలుగు లైన్లు చాలు, పాట రెండున్నర నిమిషాలే. ముందు 0.75 వేగంతో వింటూ, బాణీ లేకుండా, చేత్తో తాళం వేస్తూ మాటలు చెప్పండి. తర్వాత హల్లులు వదిలేసి అచ్చులతోనే బాణీ పాడండి, ఎక్కడ అచ్చు రంగు మారుతోందో అప్పుడు దొరుకుతుంది. ఆ తర్వాత మాటలతో, అసలు వేగంలో. పరీక్షకి ఫోన్ కీబోర్డు భాషని మెక్సికో స్పానిష్‌కి మార్చి, మైక్ నొక్కి లైన్‌ని మామూలుగా చెప్పండి. అది టైప్ చేసింది సాహిత్యంతో సరిపోతే ఉచ్చారణ కుదిరినట్టే. పాడితే అది సరిగా పట్టుకోదు, చెప్పాలి. స్పానిష్ తెలిసినవాళ్లు దొరికితే బాగుందా అని అడక్కండి, మొహమాటానికి బాగుందంటారు. విన్నది రాసిమ్మనండి.

అర్థం కూడా లైను లైనుకీ రాసుకోండి. ధ్వని మాత్రమే బట్టీపడితే వేదిక మీద ఒక్క మాట జారినా మళ్లీ అందుకోలేరు. ‘దెస్పసీతొ’ రికార్డింగ్‌లో శుభ్రంగా పాడిన జస్టిన్ బీబర్, 2017లో ఒక క్లబ్బులో మాటలు మరిచిపోయి ‘బ్లా బ్లా’ అన్నాడు. ఉచ్చారణ తప్పుకి ఓర్చుకునే జనం కూడా దానికి నొచ్చుకున్నారు. మరిచిపోతారన్న అనుమానముంటే కాగితం చూసి పాడండి, ఎవరూ తప్పుపట్టరు.

ఇది వచ్చాక అదే ఆల్బమ్‌లోని ‘దామెలొ తొ’ జోలికి వెంటనే వెళ్లకండి. ఆ ‘తొ’ అసలు ‘తొదొ’, కరీబియన్ వాడుకలో చివరి ‘దొ’ మింగేస్తారు. ఆ మింగుడు అలవాటై ‘దె ఉన వేస్’లోకి వస్తే ‘వేస్’లో స్ ఎగిరిపోయి ‘వే’ మిగులుతుంది.