వెన్ పక్కన విల్ ఎప్పుడు వద్దు, ఎప్పుడు కావాలి?

"ఐ విల్ కాల్ యూ వెన్ ఐ విల్ రీచ్ గుంటూరు" అని ఇంగ్లిష్‌లో రాస్తే రెండో విల్ ఎందుకు కొట్టేశారని అడిగారు కదండీ. రెండూ జరగబోయే పనులే. కానీ వెన్‌తో మొదలయ్యే ముక్క ఇక్కడ సమయం చెప్పే ఉపవాక్యం, అంటే ప్రధాన వాక్యంపై ఆధారపడే చిన్న వాక్యం. భవిష్యత్తు ప్రధాన క్రియలో ఒక్కసారి చెబితే చాలు, ఉపవాక్యంలో సింపుల్ ప్రెజెంట్ రావాలి: "వెన్ ఐ రీచ్ గుంటూరు". ఆఫ్టర్, బిఫోర్, అంటిల్, యాజ్ సూన్ యాజ్, షరతు చెప్పే ఇఫ్, అన్నిటికీ ఇదే.

మన భాషలోనూ అంతేగా! "గుంటూరు చేరాక ఫోన్ చేస్తాను" అంటాం. భవిష్యత్తు "చేస్తాను"లోనే ఉంది, "చేరాక"లో లేదు.

అయితే "ఐ డోంట్ నో వెన్ ద బస్ విల్ కమ్" సరైన వాక్యమే. అక్కడ వెన్ ముక్క "నో" అనే క్రియకు కర్మ, అంటే నామవాచకంలా పనిచేసే నామ ఉపవాక్యం. నియమం నేర్చుకున్న ఉత్సాహంలో ఇక్కడా విల్ తీసేయకండి.

అనుమానమొస్తే తెలుగులో అనుకోండి. "వచ్చాక, వచ్చినప్పుడు, వస్తే, వచ్చేదాకా" అని పలికితే విల్ వద్దు. "ఎప్పుడు వస్తుందో" అని చివర ఓకారం పలికితే విల్ ఉంచాలి.

విల్ తీశాక ఇంకో పొరపాటు జరుగుతుంది: "వెన్ షి రీచ్ విజయవాడ" అని వదిలేస్తారు. హి, షి, ఇట్ ఉంటే "రీచెస్" అనాలి.