57.69 శాతం ఓట్లు వచ్చినా ఓడిపోయిన రెఫరెండం

ఎన్నికల పద్ధతి మార్చాలా వద్దా అని రెఫరెండం, అంటే నేరుగా ప్రజల ఓటు, పెట్టిన చోటల్లా ఎందుకు వీగిపోతోంది, జనానికి మార్పంటే భయమా అని అడిగారు. భయం కాదు. చాలాచోట్ల ఓటింగ్ రోజు దాకా ఆగక్కర్లేదు, షరతులు రాసినప్పుడే ఫలితం తేలిపోతుంది. ఆ షరతులు రాసేది పాత పద్ధతిలో గెలిచి గద్దెనెక్కినవాళ్లే.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం సంగతే చూడండి. అక్కడి పాత పద్ధతి మనదే: ఒక్కో నియోజకవర్గంలో ఎక్కువ ఓట్లొచ్చిన ఒక్కరే గెలుస్తారు. 1996లో అక్కడి లిబరల్ పార్టీకి ఓట్లు ఎక్కువొచ్చాయి, అధికారం మాత్రం ప్రత్యర్థికి పోయింది. 2001లో అదే పార్టీకి 57.6 శాతం ఓట్లు రాగానే 79 సీట్లలో 77 దక్కాయి. కొత్త పద్ధతి సూచించమని 2004లో లాటరీ తీసి, నియోజకవర్గానికి ఒక ఆడ, ఒక మగ, ఆదివాసుల తరఫున ఇంకో ఇద్దరు, మొత్తం 160 మంది మామూలు పౌరులను కూర్చోబెట్టారు. నెలల తరబడి చదివి, విని, వాదించుకుని వాళ్లు ఒక పద్ధతిని సిఫారసు చేశారు: పెద్ద నియోజకవర్గాలు, ఒక్కోదానికి పలువురు సభ్యులు, ఓటరు అభ్యర్థులకు 1, 2, 3 అని వరసగా నంబర్లు వేయాలి.

2005 మేలో దానిపై రెఫరెండం జరిగింది. అనుకూలంగా 57.69 శాతం. 79 నియోజకవర్గాల్లో 77 చోట్ల మెజారిటీ. అయినా ఓడింది! 60 శాతం దాటాలని ప్రభుత్వం ముందే గీత గీసింది మరి. దాదాపు అంతే శాతం ఓట్లతో 77 సీట్లు అందుకున్నవాళ్లకు, ఆ శాతం చాలదనడానికి నోరెలా వచ్చిందో నాకిప్పటికీ మింగుడుపడదు.

2009లో మళ్లీ అడిగారు, 39 శాతానికి పడిపోయింది. ఈలోపు 2005 ఎన్నికల్లో సీట్లు 46, 33గా చీలి, అన్యాయం జరిగిందన్న కోపం చల్లారింది. పైగా ఈసారి కొత్త పద్ధతి నియోజకవర్గాల మ్యాప్ చేతికొచ్చింది: 85 సీట్లు, 20 నియోజకవర్గాలు. జనం పలచగా ఉన్న ప్రాంతాల్లో మన ఎమ్మెల్యే ఎంత దూరాన ఉంటాడన్న ప్రశ్న మొదలైంది. సరే, మ్యాప్ చూపకపోతే నెగ్గేదా? 2018లో మూడు నమూనాలు పెట్టి, హద్దులు తర్వాత గీస్తామన్నారు. 61.3 శాతం పాత పద్ధతికే వేశారు. వద్దనేవాళ్లకు ఒక్క అనుమానం రేపితే చాలు. కావాలనేవాళ్లు ప్రతి అనుమానానికీ జవాబు చెప్పుకోవాలి.

బ్రిటన్‌లో 2011లో ఆ అనుమానం పేరు 25 కోట్ల పౌండ్లు. అక్కడ అడిగింది, ఒక్కో సీటుకు ఒక్కరే గెలిచినా అభ్యర్థులకు నంబర్లేసే పద్ధతి. దానికి అంత ఖర్చవుతుందని వద్దనేవాళ్లు పసిపాప బొమ్మతో పోస్టర్లు వేశారు. ఆ లెక్కలో రెఫరెండం నిర్వహణ ఖర్చు కూడా కలిపేశారు, అది ఏ పద్ధతి నెగ్గినా పోయే డబ్బే. అవసరమే లేని లెక్కింపు యంత్రాల ఖర్చూ కలిపారు. ఆస్ట్రేలియాలో ఇలా నంబర్లేసిన దిగువసభ బ్యాలెట్లను చేత్తోనే లెక్కిస్తారు. చివరికి 440 ఓటింగ్ ప్రాంతాల్లో 10 మాత్రమే సరే అన్నాయి.

‘సామాన్యుడికి అర్థం కాదు’ అనే మాట వింటే మాత్రం ఒళ్లు మండుతుంది. ఐర్లండ్ ఓటర్లు తరతరాలుగా నంబర్లే వేస్తున్నారు. ఆ పద్ధతి తీసేద్దామని 1959లో, 1968లో ప్రభుత్వమే అడిగితే రెండుసార్లూ కుదరదన్నారు.

గెలిచినా గండం తప్పదు. కెనడాలోనే ఉన్న ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండ్‌లో 2016లో దామాషా (ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు) కలిపిన మిశ్రమ పద్ధతి 52 శాతంతో నెగ్గితే, పోలింగ్ తక్కువైందని ప్రభుత్వం పక్కన పెట్టింది. 2019లో మళ్లీ అడిగారు, కొద్ది తేడాతో ఓడింది.

న్యూజీలాండ్ మాత్రం పని వరస తప్పకుండా చేసింది. 1978, 1981లో ఓట్లు తక్కువొచ్చిన పార్టీయే అధికారంలో కూర్చుంది. 1981లో మూడో పార్టీకి 20.7 శాతం ఓట్లకు దక్కినవి 2 సీట్లు. ఆ మంట ఆరకముందే 1986లో రాయల్ కమిషన్, అంటే ప్రభుత్వం వేసిన విచారణ సంఘం, ఇలాంటి మిశ్రమ నమూనానే సిద్ధం చేసింది. 1992లో అడిగింది రెండు ప్రశ్నలు: మార్చాలా, మారిస్తే ఏది? 84.7 శాతం మార్చమన్నారు. గెలిచిన నమూనాను 1993లో సార్వత్రిక ఎన్నికలతో పాటే పాత పద్ధతికి పోటీగా నిలబెట్టారు, సగం దాటితే అమలు అన్నారు. 53.9 శాతంతో నెగ్గింది. బ్రిటిష్ కొలంబియా గీత అక్కడ గీసి ఉంటే అదీ ఓడిపోయేదే. 2011లో ఇదే ఉంచాలా అని మళ్లీ అడిగారు. ఉంచమన్నది 57.8 శాతం.