ముందు ఆ బేస్ విను

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం మంగళవారం రాత్రి చదివాను. బుధవారం పొద్దున ఇంకోసారి చదివి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నువ్వు అందులో రాసిన ‘స్పేస్ రిచువల్’ లైవ్ ఆల్బం మొదటినుంచి చివరిదాకా విన్నాను. దాదాపు గంటన్నర. ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ హాక్‌విండ్ గురించి తెలుగులో ఇంత ప్రేమగా రాసే కుర్రాడు కూకట్‌పల్లిలో ఉన్నాడని తెలిసి చాలా సంతోషం వేసింది. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

నీ వ్యాసంలో ‘అనంతం’ అన్న మాట తొమ్మిదిసార్లు వచ్చింది. ‘విశ్వం’ ఆరుసార్లు. ‘బేస్’, అదే, అడుగు స్వరాలు పలికే గిటార్, ఒక్కసారి కూడా లేదు.

ఆ రికార్డు వింటూ నువ్వు ఎక్కడికో వెళ్లిపోయావు, నిజమే. నేనూ వెళ్లాను. కానీ మనల్ని అక్కడికి మోసుకెళ్లినవాళ్లు స్టేజీ మీద నిలబడి చెమటలు కక్కుతున్న మనుషులు. వాళ్ల చేతులు ఏం చేస్తున్నాయో నీ పాఠకుడికి చెప్పు. 1971లో బ్యాండ్‌లో చేరేనాటికి లెమ్మీ గిటారిస్టు, బేస్ వాయించినవాడు కాదు. దాంతో బేస్‌ను కూడా గిటార్ లాగే పట్టుకున్నాడు. ఒక్కో స్వరం వేసి ఊరుకోకుండా తీగలు కలిపి మోగిస్తాడు. ‘బోర్న్ టు గో’ పాటలో అతని బేస్, డేవ్ బ్రాక్ గిటార్ ఎంతగా కలిసిపోతాయంటే, ఏది ఏదో విడదీయడానికి నాకు చాలా రోజులు పట్టింది. చిక్కడపల్లిలో అద్దె గదిలో ఉండేవాణ్ని అప్పుడు. క్యాసెట్ వెనక్కి తిప్పి తిప్పి, మిగతావన్నీ వదిలేసి బేస్ ఒక్కటే పట్టుకుని వినేవాణ్ని. ఒక రాత్రి పట్టు దొరికింది. ఆ రాత్రి నిద్రపోలేదు. నువ్వు ‘అనంతం’ అని రాసిన ప్రతిచోటా నాకు ఆ బేస్ వినిపిస్తోంది. అక్కడ అదే రాయి.

పది నిమిషాలు ఒకే ముక్క తిప్పి తిప్పి వాయిస్తారని ఈ ఆల్బం మీద చాలామందికి ఫిర్యాదు. దానికి నువ్వు ‘ధ్యానస్థితి’ అని ఒక్క మాటతో జవాబు చెప్పేశావు. అది చాలదు. లాల్‌దర్వాజా బోనాల్లో తీన్మార్ దగ్గర నిలబడ్డావు కదా? గంటసేపు అదే దెబ్బ. మొదటి రెండు నిమిషాలు చెవితో వింటాం. తర్వాత కాలు అందుకుంటుంది. ఆ తర్వాత దెబ్బలో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒంటికి తెలిసిపోతుంది. సైమన్ కింగ్ డ్రమ్స్ కూడా అలాగే పనిచేస్తాయి. ఈ పోలిక మన పాఠకుడికి వెంటనే అందుతుంది. అయితే ఒక్కసారే వాడు. రెండోసారి వాడితే వ్యాసం బోనాల గురించి అయిపోతుంది.

ఇక ఆ ఈలలు, కూతలు. ‘గ్రహాంతర ధ్వనులు’ అన్నావు. బ్యాండ్‌లో డిక్ మిక్ వాయించింది ఆడియో జనరేటర్, అంటే ఎలక్ట్రానిక్ పరికరాలను పరీక్షించడానికి వాడే పెట్టె. కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి అడుగు, అలాంటిది ఎవరో ఒకరు చూపిస్తారు. నాబ్ తిప్పుతుంటే శబ్దం సన్నబడుతూ పైకి పాకుతుంది. పక్కన డెల్ డెట్మార్ చేతిలో సింథసైజర్. మా ఇంట్లో షార్ట్‌వేవ్‌లో రేడియో సిలోన్ కోసం నాన్న ముల్లు తిప్పేటప్పుడు, స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య అచ్చం ఇదే కూత వచ్చేది. ఆ కూత వింటూ పెరిగినవాణ్ని కాబట్టే ఈ సంగీతం నాకు పరాయిది అనిపించలేదు. నీ తరానికి ఆ రేడియో లేదు. నీకు ఏది గుర్తొచ్చిందో అది రాయి. నా రేడియోని మాత్రం తీసుకోకు.

ఒక తప్పు దిద్దుకోవాలి. ‘అంతరిక్ష యుగం ఉరకలేస్తున్న రోజుల్లో’ ఈ ఆల్బం పుట్టిందన్నావు. తేదీలు చూడు. లివర్‌పూల్‌లో రికార్డు చేసింది 1972 డిసెంబర్ 22న, లండన్ బ్రిక్స్టన్‌లో 30న. అపోలో 17 సముద్రంలో దిగింది డిసెంబర్ 19న. అంటే చంద్రుడి మీద నడిచిన చివరి మనుషులు భూమికి చేరిన మూడు రోజులకే లివర్‌పూల్ కచేరీ. ఆ తర్వాత యాభై ఏళ్లు దాటినా అక్కడ మరొకరు కాలు పెట్టలేదు. వాళ్లు వాయిస్తుండగానే ఆ యుగం ముగిసిపోతోంది. ఈ తేదీలు తెలిశాక ఆ పాటల్లో నిద్రలో ప్రయాణిస్తూ కలలు కనే వ్యోమగాములు నాకు చాలా ఒంటరివాళ్లుగా కనిపించారు. నీ వ్యాసానికి ఇంతకంటే మంచి ఎత్తుగడ దొరకదు.

నువ్వు రోజూ ఎంఎంటీఎస్ రైల్లో బేగంపేట దాటుతావు. నిజామియా అబ్జర్వేటరీ అక్కడే ఉండేది. ఆకాశం మొత్తాన్ని పలు దేశాల అబ్జర్వేటరీలు పంచుకుంటే, అక్కడివాళ్లు తమ వంతుకు వచ్చిన ముక్కను ఫొటో పలకల మీదికి తీసి, నక్షత్రాల స్థానాలను ఒక్కొక్కటిగా కొలిచి, ఏళ్ల తరబడి పట్టికలు తయారుచేశారు. ఆ ఓపికతో ఒక్క పాటనైనా వినమని నిన్ను అడుగుతున్నాను.

నన్ను నిజంగా బాధపెట్టిన విషయం వేరే. ‘సోనిక్ అటాక్’ను ‘ఇది పాట కాదు’ అని ఒక్క వాక్యంలో దాటేశావు. పాట కాదు, సరే. నవలాకారుడు మైకేల్ మూర్‌కాక్ రాసిన ఒక ప్రకటన అది. శబ్దంతో దాడి జరిగితే జనం ఏం చేయాలో చెబుతుంది. కవి రాబర్ట్ కాల్వర్ట్ దాన్ని చదువుతాడు. సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు ఆలస్యమని చెప్పే గొంతులా మొదలవుతుంది. పోనుపోను ఆత్మీయులను కాపాడబోవద్దు, నీ సంగతి నువ్వు చూసుకో అంటుంది. అణుయుద్ధ భయంతో బతుకుతున్న దేశంలో ప్రభుత్వం మాట్లాడే భాష అది. హాలు నిండా జనం ఉండగా, అంత హోరు మధ్య, ఒక మనిషి ఒట్టి మాటతో భయపెట్టగలిగాడు. నువ్వు మాటలతో పనిచేయాలనుకుంటున్నవాడివి. ఆ రికార్డులో నీ పనికి దగ్గరగా ఉన్నవాడు కాల్వర్టే, అతన్నే వదిలేశావు.

లెమ్మీ తర్వాత మోటర్‌హెడ్ అనే సొంత బ్యాండ్ పెట్టడం, సభ్యుల గొడవలు, ఎవరు ఎప్పుడు వెళ్లిపోయారు... ఈ మూడు పేరాలూ తీసెయ్యి. బార్నీ బబుల్స్ వేసిన కవర్ గురించి నీ వర్ణన చాలా బాగుంది. మడతలు విప్పుతూ పోతే నేలంతా పరుచుకున్నట్టు రాశావు చూడు, అందులో అక్షరం కూడా మార్చకు.

రెండో ప్రతికి తొందరేం లేదు. ‘సోనిక్ అటాక్’ను దీపం ఆర్పేసి మూడు రాత్రులు విను, తెల్లారాక ఒక్క పేరా రాయి. ఆ పేరా మాత్రం ఆదివారం నాకు ఫోన్‌లో చదివి వినిపించు.

ప్రేమతో,
అన్న