కడుపుతో ఉన్నప్పుడు డిప్రెషన్‌కి టీఎంఎస్ చేయించుకోవచ్చా?

ఐదో నెల, డిప్రెషన్ తగ్గడం లేదు, మాత్రలంటే భయం, డాక్టర్ టీఎంఎస్ (తల మీద నుంచి అయస్కాంత శక్తితో మెదడుని తట్టిలేపే చికిత్స) చూద్దామన్నారు, తలకి అయస్కాంతం పెడితే బిడ్డకి ఏమైనా అవుతుందా అని కదా మీ ప్రశ్న. రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు నేను చేయించుకున్నాను.

ముందు బిడ్డ సంగతి. తల మీద పెట్టే కాయిల్ (అయస్కాంత శక్తి పుట్టించే తీగచుట్ట) ప్రభావం పుర్రె కింద రెండు మూడు సెంటీమీటర్ల లోతు వరకే. దూరం పెరిగేకొద్దీ చప్పున పడిపోతుంది కాబట్టి కడుపు దాకా వచ్చేది నామమాత్రం. ఒంట్లోకి మందు వెళ్లదు, మత్తు ఇవ్వరు. అమెరికాలో పెద్దవాళ్ల డిప్రెషన్‌కి 2008లోనే అనుమతి వచ్చింది. గర్భిణుల మీద జరిగిన పరిశోధనలు మాత్రం చిన్నవి. 2019లో వచ్చిన ఒకదాంట్లో ఉన్నది 22 మందే. నిజంగా చికిత్స అందినవాళ్లలో ఎక్కువమందికి డిప్రెషన్ బాగా తగ్గింది, పోలిక కోసం ఉత్తుత్తి చికిత్స ఇచ్చినవాళ్లలోనూ దాదాపు సగంమందికి తగ్గింది! (రోజూ ఇల్లు కదిలి, మనల్ని పట్టించుకునే మనుషుల మధ్య కూర్చోవడం కూడా మందేనేమో.) చికిత్స అందినవాళ్లలో ముగ్గురికి నెలలు పూర్తిగా నిండకముందే కాన్పు అయింది. అంత తక్కువమందిని చూసి కారణం ఇదని తేల్చలేం. ఈ మాట మీ గైనకాలజిస్ట్‌తో తప్పకుండా మాట్లాడండి.

మొదటి రోజు మోతాదు చూస్తారు. కాయిల్ అటూ ఇటూ జరుపుతూ శక్తి పెంచుతుంటే ఉన్నట్టుండి నా బొటనవేలు దానంతటదే ఎగిరింది. నాకు నవ్వొచ్చింది, చాలా రోజుల తర్వాత. ఆ వేలు కదిలిన స్థాయిని బట్టే మిగతా లెక్కంతా. తర్వాత కాయిల్‌ని నుదుటికి కాస్త పైన, కుడివైపు పెట్టారు. సెకనుకి ఒక దెబ్బ, ఎవరో ఓపిగ్గా మొట్టికాయలు వేస్తున్నట్టు. కనుబొమ్మ అదురుతుంది. చప్పుడు గట్టిగానే ఉంటుంది, చెవుల్లో ప్లగ్స్ పెడతారు. మొదట్లో తలనొప్పి వచ్చేది, పోనుపోను తగ్గింది.

కుర్చీ బాగా వెనక్కి వాలిస్తే ఒప్పుకోకండి. ఐదో నెల దాటాక వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు పెద్ద రక్తనాళం మీద పడి కళ్లు తిరుగుతాయి. కుడి తుంటి కింద దిండు పెట్టించుకుని కాస్త ఎడమకి ఒరగండి.

అసలు కష్టం వేరే ఉంది. వారానికి ఐదు రోజులు, నాలుగు నుంచి ఆరు వారాలు వెళ్లాలి. మంచం దిగడమే గగనమైన మనిషికి అది చిన్న పని కాదు. ఎవరో ఒకరు తోడు రావాలి. ఫలితం కూడా వెంటనే కనిపించదు. నాకైతే ముందు మా అక్కే గమనించింది, "ఈ మధ్య అన్నం వదిలేయట్లేదే" అని.

దీనివల్ల ఫిట్స్ రావడం చాలా అరుదు, కానీ గతంలో వచ్చి ఉన్నా, ముందురోజు నిద్ర లేకపోయినా చెప్పేయండి. తలలో లోహపు క్లిప్పు, కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే పరికరం) లాంటివి ఉంటే ఇది కుదరదు.

చచ్చిపోవాలనిపిస్తున్నా, తిండి పూర్తిగా మానేసినా ఇన్ని వారాలు ఆగే పరిస్థితి కాదు, ఈరోజే ఆసుపత్రికి వెళ్లండి. అలాంటప్పుడు త్వరగా పనిచేసేది షాక్ ట్రీట్‌మెంట్. పేరు విని భయపడతారు గానీ మత్తిచ్చి, తల్లినీ బిడ్డనీ కనిపెట్టుకుంటూ గర్భిణులకీ చేస్తారు. ఇప్పటికే ఏవైనా మాత్రలు వాడుతుంటే మాత్రం, టీఎంఎస్ మొదలవుతోంది కదా అని మీ అంతట మీరు ఆపేయకండి.