ఇటుకలు పట్టిన చేతులు, జారవిడిచిన బంతులు

ప్రశ్న: మా నాన్న చీపురుపల్లి ప్రాంతంలో తాపీ మేస్త్రి. సెలవుల్లో నేనూ ఆయన వెంట పనికి వెళ్ళి, పరంజా మీద ఉన్నవారికి కిందినుంచి ఇటుకలు విసిరి అందిస్తుంటాను. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మా పెదనాన్నగారి అబ్బాయి ఈ మధ్య ఫోనులో మాట్లాడుతూ, జెర్రీ రైస్ అనే ఆటగాడు కూడా తాపీ మేస్త్రి కొడుకేననీ, ఇటుకలు పట్టీ పట్టీ ఆ దేశపు ఫుట్‌బాల్‌లో అందరికంటే గొప్ప వైడ్ రిసీవర్ అయ్యాడనీ చెప్పాడు. ఇది నిజమేనా? ఊరూ పేరూ లేని కళాశాలలో చదివినవాడు అంత పైకి ఎలా వెళ్ళగలిగాడు?
– ఒక డిగ్రీ విద్యార్థి, విజయనగరం

జవాబు: మీ అన్నయ్య చెప్పిన సంగతి నిజమే కానీ, ఆయన చూపిన కారణం సగమే నిజం. జెర్రీ రైస్ 1962 అక్టోబరు 13న అమెరికా దక్షిణాదిలోని మిసిసిపీ రాష్ట్రంలో పుట్టి, క్రాఫర్డ్ అనే చిన్న ఊళ్ళో పెరిగాడు. తండ్రి ఇటుకపనివాడు. వేసవిలో అన్నదమ్ములు కిందినుంచి విసిరిన ఇటుకలను తాను పైన నిలబడి పట్టేవాడినని రైసే అనేకసార్లు చెప్పుకున్నాడు. మీరు చేస్తున్న పని కూడా అదే కనుక ఆ కథ మీ మనసుకు పట్టడం సహజం. అయితే ఇటుకలు విసిరిన అన్నదమ్ములకూ అవే చేతులు, అదే తండ్రి, అదే ఎండ. వారెవరూ వైడ్ రిసీవర్లు కాలేదన్న మాటను ఈ కథ చెప్పేవారు ఎందుకో వదిలేస్తుంటారు.

ముందుగా ఆ ఆట గురించి రెండు మాటలు చెప్పాలి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో కోలగా ఉండే బంతిని ఎక్కువగా చేతులతోనే ఆడతారు. జట్టుకు పదకొండు మంది. క్వార్టర్‌బ్యాక్ బంతి విసురుతాడు. మైదానం అంచుకు దగ్గరగా నిలిచే వైడ్ రిసీవర్ ముందే అనుకున్న దారిలో పరుగెత్తి, తనను కాపలా కాసే ప్రత్యర్థిని తప్పించుకుని, ఆ బంతిని గాలిలోనే పట్టుకోవాలి. పట్టిన బంతితో చివరి గీత దాటితే టచ్‌డౌన్, దానికి ఆరు పాయింట్లు.

రైస్ ఈ ఆటలోకి వచ్చిన తీరు కాస్త నవ్వు తెప్పిస్తుంది. ఉన్నత పాఠశాలలో ఒకనాడు తరగతి ఎగ్గొట్టి తిరుగుతుండగా ఉప ప్రధానోపాధ్యాయుడు వెనుకనుంచి వచ్చాడట. ఆయన కంటపడగానే ఈ కుర్రవాడు పారిపోయిన వేగం చూసి, శిక్షతో పాటు ఫుట్‌బాల్ శిక్షకుడి దగ్గరికి వెళ్ళమన్న ఆజ్ఞ కూడా ఇచ్చారట. అయినా పెద్ద విశ్వవిద్యాలయాలు అతణ్ణి పట్టించుకోలేదు. చివరికి చేరింది ఇట్టా బెనా అనే ఊళ్ళోని మిసిసిపీ వ్యాలీ స్టేట్ విశ్వవిద్యాలయంలో. నల్లజాతి విద్యార్థుల చదువుకోసం వెలసిన విద్యాసంస్థల్లో అది ఒకటి.

మీరు ‘ఊరూ పేరూ లేని కళాశాల’ అన్నారు. నా అభిప్రాయంలో రైస్‌కు దొరికిన అసలు అదృష్టం ఆ కళాశాలే. అక్కడి శిక్షకుడు ఆర్చీ కూలీ ఆనాటి పెద్ద జట్లు సాహసించని పద్ధతి ఒకటి ఆడించేవాడు. ఒక ఎత్తుగడ ముగిశాక గుండ్రంగా చేరి మాట్లాడుకోవడం లేకుండా వెంటనే తరువాతి ఎత్తుగడకు దిగడం, నలుగురు రిసీవర్లను ఒకే పక్కన వరుసగా నిలబెట్టి కాపలాదారులను తికమక పెట్టడం, అదే పనిగా బంతిని గాలిలోకి విసరడం ఆయన పద్ధతి. క్వార్టర్‌బ్యాక్ విల్లీ టాటెన్ 1984లో ఒక్క సీజనులోనే 56 టచ్‌డౌన్లకు బంతులు విసిరాడు. వాటిలో 27 రైస్ పట్టినవే. పెద్ద పేరున్న జట్టులో చేరి ఉంటే, బంతి పట్టుకుని నేలమీద పరుగెత్తే ఆటనే నమ్ముకున్న శిక్షకుడి కింద అతనికి ఆ అవకాశాల్లో సగమైనా వచ్చేవి కావు. అతను పట్టలేని బంతి లోకంలో లేదన్న అర్థంలో సహాధ్యాయులు అతణ్ణి ‘వరల్డ్’ అని పిలిచేవారు. ఆ కళాశాల మైదానానికి ఇప్పుడు రైస్–టాటెన్ స్టేడియం అని పేరు.

1984లో ఒక రాత్రి హ్యూస్టన్‌లోని హోటల్ గదిలో శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ శిక్షకుడు బిల్ వాల్ష్ టీవీలో ఈ కుర్రవాడి ఆట దృశ్యాలు చూశాడు. కళాశాలల నుంచి వృత్తి జట్లు వంతులవారీగా ఆటగాళ్ళను ఎంచుకునే ఏర్పాటును డ్రాఫ్ట్ అంటారు. 1985 డ్రాఫ్ట్‌లో వాల్ష్ జట్టు వంతు 28వది. అప్పటిదాకా ఆగితే ఇంకెవరైనా తన్నుకుపోతారని భయపడి, ఆయన న్యూ ఇంగ్లండ్ జట్టుతో బేరం కుదుర్చుకుని 16వ వంతు సంపాదించి రైస్‌ను తీసుకున్నాడు. ఆ రోజు అతనికంటే ముందుగా మరో ఇద్దరు వైడ్ రిసీవర్లు, అల్ టూన్, ఎడ్డీ బ్రౌన్, ఎంపికయ్యారు. బ్రౌన్‌ను తీసుకున్న సిన్సినాటి బెంగాల్స్ ప్రస్తావన మళ్ళీ వస్తుంది.

ఇక ఇటుకల కథకు ఎదురు నిలిచే ఘట్టం. మొదటి సీజనులో రైస్ చేతికందిన బంతులను తరచూ జారవిడిచాడు. సొంత ప్రేక్షకులే గేలి చేశారు. ఇటుక పట్టిన చేతులు బంతిని ఎందుకు వదిలాయి? వాల్ష్ పద్ధతిలో రిసీవర్ ఎన్ని అడుగులు వేసి ఎక్కడ మళ్ళాలో లెక్క ఉంటుంది. అతను మళ్ళకముందే క్వార్టర్‌బ్యాక్ జో మోంటానా చేతినుంచి బంతి వెళ్ళిపోతుంది. లెక్క గురించి ఆలోచిస్తున్న బుర్ర బంతిని చూడదు. ఆ లెక్క ఒంటబట్టాక, డిసెంబరులో లాస్ ఏంజిలిస్ రామ్స్ జట్టు మీద ఒక్క ఆటలో పట్టిన బంతులతో 241 గజాలు ముందుకు సాగాడు. మరుసటి ఏడాది 1,570 గజాలు. 1987లో ఆటగాళ్ళ సమ్మె వల్ల 12 ఆటలే ఆడి 22 టచ్‌డౌన్లు పట్టాడు. కనుక పని చేసే చేతులు మీకూ ఉన్నాయని సంతోషించండి. తేడా తెచ్చింది మాత్రం ఎక్కువ బంతులు విసిరిన కళాశాల, తరువాత అడుగుల లెక్క నేర్పిన శిక్షకుడు.

ప్రశ్న: బరువులెత్తే ఆటలో కిలోలు చెబితే చాలు. మా ఆమదాలవలస ప్రాంతపు కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తిందంటే ఎవరికైనా అర్థమవుతుంది. వైడ్ రిసీవర్ గొప్పతనాన్ని దేనితో కొలుస్తారు? జెర్రీ రైస్ మరీ అంత వేగంగా పరుగెత్తేవాడు కాదని కూడా చదివాను.
– ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: పట్టిన బంతులు, వాటితో గడించిన గజాలు, టచ్‌డౌన్లు అనే మూడు కొలతలున్నాయి మాస్టారూ. గజమంటే మన బట్టల కొట్లో గజమే, మూడడుగులు. రైస్ ఇరవై సీజన్లలో 1,549 బంతులు పట్టి 22,895 గజాలు గడించాడు. దాన్ని దారిగా పరిస్తే దాదాపు 21 కిలోమీటర్లు. శ్రీకాకుళంలో మొదలుపెడితే శ్రీకూర్మం దాటిపోతుంది. రెండో స్థానంలో ఉన్న లారీ ఫిట్జ్‌జెరాల్డ్ 17,492 గజాల దగ్గర ఆగిపోయాడు. బంతి పట్టి చేసిన టచ్‌డౌన్లు 197, అన్ని విధాలా కలిపి 208.

వేగం విషయంలో మీరు చదివింది సరైనదే. గడియారం పట్టుకుని కొలిస్తే అతనికంటే వేగంగా పరుగెత్తేవారు చాలామంది ఉండేవారు. కానీ మంచి కబడ్డీ కూతగాడు కాలు ఒకవైపు చూపి ఒళ్ళు మరోవైపు తిప్పినట్టు, రైస్ మలుపు తిరిగేముందు వేగం తగ్గించేవాడు కాదు. అందుచేత అతను ఎటు మళ్ళుతాడో కాపలాదారుకు చివరి క్షణం దాకా అంతుబట్టేది కాదు. ఆటలు లేని నెలల్లో శాన్ కార్లోస్ దగ్గర సుమారు నాలుగు కిలోమీటర్ల కొండదారిని పైదాకా పరుగెత్తేవాడు. సహచరుడు రోజర్ క్రెయిగ్ అలవాటు చేసిన ఆ సాధనను చూసి మేమూ వస్తామని వెంట వెళ్ళిన కుర్ర ఆటగాళ్ళు దారిలోనే చతికిలబడేవారని చెబుతారు.

అంకెలకు అందని ఉదాహరణ కూడా ఒకటుంది. 1989 జనవరిలో మయామీలో జరిగిన సూపర్ బౌల్‌లో, అంటే వృత్తి జట్ల సీజను చివర విజేతను తేల్చే తుది ఆటలో, ఎదుటి జట్టు అదే సిన్సినాటి. చీలమండ బెణికి ఉన్న రైస్ ఆ రోజు 11 బంతులు పట్టి 215 గజాలు గడించి, ఉత్తమ ఆటగాడి బహుమతి అందుకున్నాడు. మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే మిగిలి, మూడు పాయింట్ల వెనుకబాటులో, 92 గజాలు వెళ్ళవలసిన స్థితిలో మోంటానా బంతి అందుకున్నాడు. ఆ దండయాత్రలో రైస్ మూడు బంతులు పట్టి 51 గజాలు తెచ్చాడు. గెలిపించిన చివరి టచ్‌డౌన్ మాత్రం అతనిది కాదు. రైస్ అడ్డంగా కదలగానే కాపలాదారుల చూపు అటు పోయింది; ఖాళీ అయిన చోట సహచరుడు జాన్ టేలర్ బంతి పట్టాడు. 20–16తో గెలిచారు. బంతి ముట్టకుండా టచ్‌డౌన్ చేయించడాన్ని ఏ కొలతలో వేస్తామో ఆటల మాస్టారు కనుక మీరే చెప్పాలి.

ప్రశ్న: అంత పేరు వచ్చాక హుందాగా తప్పుకోకుండా నలభై దాటినా జట్లు మారుతూ ఆడడం ఆశపోతుతనం కాదా?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: మీ ప్రశ్నలో న్యాయముంది కానీ, నేను పూర్తిగా ఒప్పుకోలేను. 1997లో మొదటి ఆటలోనే మోకాలి కీలును పట్టి ఉంచే లిగమెంట్లు తెగితే డిసెంబరుకల్లా తిరిగి వచ్చి, అదే ఆటలో టచ్‌డౌన్ పడుతూ మోకాలి చిప్ప పగలగొట్టుకున్నాడు. అది తొందరపాటే. అయితే మరుసటి సీజనులో మళ్ళీ వెయ్యి గజాలు దాటాడు. పదహారు సీజన్ల తరువాత ఫార్టీనైనర్స్‌ను విడిచి ఓక్లండ్ రైడర్స్‌లో చేరి, నలభయ్యో ఏట 92 బంతులు పట్టి 1,211 గజాలు గడించి, ఆ జట్టుతో సూపర్ బౌల్ దాకా వెళ్ళాడు. అక్కడ ఓడిపోయినా తన టచ్‌డౌన్ తాను పట్టాడు. ఇంతవరకు ఎవరూ వేలెత్తి చూపలేరు. 2004 సీజను మధ్యలో సియాటిల్ జట్టుకు మారడం, 2005 వేసవిలో డెన్వర్ జట్టు శిబిరంలో కుర్రవాళ్ళతో చోటుకోసం పోటీ పడడం చూసి అభిమానులు నొచ్చుకున్న మాట నిజం. అక్కడ తనకు వెనుక వరుసే దక్కుతుందని తెలిశాక, సెప్టెంబరులో తానే విరమించుకున్నాడు.

మరుసటి ఏడాది ఆగస్టులో, పుట్టింటి వంటి శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు సభ్యుడిగానే విరమించాలన్న కోరికతో అతను ఒక్కరోజు ఒప్పందం మీద సంతకం చేశాడు. అందులో రాసిన మొత్తం 19,85,806 డాలర్ల 49 సెంట్లు. జట్టులో చేరిన 1985, చొక్కా మీది 80, విరమించిన 2006లోని చివరి 6, జట్టు పేరులోని 49 పక్కపక్కన పేరిస్తే ఆ సంఖ్య వస్తుంది. ఆ సొమ్ములో ఒక్క సెంటు కూడా అతను తీసుకోలేదు.