ఫైర్‌వాల్ కొనే ముందు మీ నెట్‌వర్క్‌ను కాగితం మీద గీయండి

మీరు అడిగినది ఇది: గుంటూరు దగ్గర ఒకే ఆవరణలో కోల్డ్ స్టోరేజీ, గోదాము, కాటా గది, ఆఫీసు ఉన్నాయి, కంప్యూటర్లు 40 వరకు ఉంటాయి, వారంలో రెండు మూడుసార్లు నెట్‌వర్క్ ఆగిపోతోంది, పెద్ద ఫైర్‌వాల్ కొంటే అన్నీ సర్దుకుంటాయని సరఫరాదారు అంటున్నారు, కొనవచ్చా?

ఇప్పుడే కొనవద్దని నా సలహా. ఫైర్‌వాల్ అంటే రాకపోకలను తనిఖీ చేసే పెట్టె, అది ఇంటర్నెట్ లోపలికి వచ్చే చోట ఉంటుంది. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే, మీ ఇబ్బంది ఆవరణ లోపలి తీగల్లోనూ, ఆ తీగలను కలిపే స్విచ్ పెట్టెల్లోనూ ఉంది. గుంటూరు, పల్నాడు, కృష్ణా జిల్లాల్లోని మిల్లులకు, కోల్డ్ స్టోరేజీలకు చాలా ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. దాదాపు అన్నిచోట్లా నెట్‌వర్క్ ఒక పథకం ప్రకారం కాకుండా, గది పెరిగినప్పుడల్లా బల్ల కింద ఒక చిన్న స్విచ్ చేర్చుకుంటూ పెరిగినదే. అందుచేత మొదటి పని కాగితం మీద జరగాలి. ఏ కేబుల్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, ఏ స్విచ్‌లోని ఏ పోర్టుకు ఏది తగిలించి ఉంది, ఏ పరికరానికి ఏ ఐపీ అడ్రసు (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే నంబరు) ఉంది, దాని పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంది అన్నవి రాసి, గీసి, కేబుళ్ల రెండు చివరలా చీటీలు అంటించాలి. ఈ పని పూర్తయ్యేలోపే సగం లోపాలు బయటపడటం నేను చాలాచోట్ల చూశాను.

మీ దగ్గర ముందుగా రెండు విషయాలు వెతకండి. మొదటిది లూపు. ఎవరో ఊడిపోయిన కేబుల్ కొసను చూసి దాన్ని మళ్లీ అదే స్విచ్‌లో గుచ్చితే, అందరికీ ఉద్దేశించిన ప్యాకెట్లు ఆ వలయంలో ఆగకుండా తిరుగుతాయి; ఈథర్‌నెట్ ప్యాకెట్‌కు కాలపరిమితి లేదు కనుక అవి వాటంతట అవి పోవు, కొద్ది క్షణాల్లోనే నెట్‌వర్క్ అంతా స్తంభిస్తుంది. దీన్ని ఆపే స్పానింగ్ ట్రీ పద్ధతి 1990లోనే ప్రమాణంగా వచ్చింది, దాని వేగవంతమైన రూపం 2001లో వచ్చింది. అయితే బల్ల కింద పెట్టే చౌక స్విచ్‌లలో సాధారణంగా అది ఉండదు. కనీసం ప్రధాన స్విచ్‌లనైనా మేనేజ్డ్ రకానివి, అంటే లోపలి అమరికలను మనం మార్చుకోగలిగేవి, కొనమని అందుకే చెబుతాను.

రెండవది, ఇంట్లో వాడే వైఫై రౌటర్‌ను ఎవరైనా తెచ్చి తగిలించడం. ఒక మిల్లులో రోజూ ఉదయం బిల్లింగ్ కౌంటర్లలో కొన్ని పనిచేసేవి, కొన్ని పనిచేసేవి కావు. మధ్యాహ్నానికి ఇబ్బంది వేరే బల్లలకు మారేది. చివరికి కాటా గదిలో, ఫోనుకు సిగ్నల్ అందడం లేదని ఒక ఉద్యోగి పెట్టుకున్న రౌటర్ దొరికింది. ఆయన వచ్చి దాన్ని ఆన్ చేసిన తర్వాత తెరిచిన కంప్యూటర్లు, అసలు రౌటర్‌కు బదులు దాని నుంచి అడ్రసులు తీసుకుంటున్నాయి. మేనేజ్డ్ స్విచ్‌లలో డీహెచ్‌సీపీ స్నూపింగ్ అనే అమరికను (అసలు రౌటర్ తప్ప మరేదీ అడ్రసులు ఇవ్వకుండా ఆపేది) ఆన్ చేస్తే ఇలాంటివి జరగవు. దాంతోపాటు ఆ ఉద్యోగిని మందలించకుండా, కాటా గదిలో సరైన వైఫై పెట్టించాము. అవసరం తీరకపోతే మనుషులు మరో దారి వెతుక్కుంటారు, ఆ దారి మనకు తెలియకుండా ఉంటుంది.

తీగల విషయానికి వస్తే, రాగి ఈథర్‌నెట్ కేబుల్‌కు 100 మీటర్లు హద్దు. తక్కువ ధరకు దొరికేవాటిలో రాగి పూసిన అల్యూమినియం తీగ ఉంటుంది కనుక, పెట్టె మీద స్వచ్ఛమైన రాగి అని రాసి ఉన్నది మాత్రమే తీసుకోండి. కోల్డ్ స్టోరేజీకి, ఆఫీసుకు మధ్య దూరం తక్కువే అయినా ఫైబర్ వేయించండి. రెండు భవనాల ఎర్తింగ్ ఒకేలా ఉండదు, పిడుగు పడినప్పుడు రాగి తీగ ఆ విద్యుత్తును రెండువైపులా పరికరాలకు మోసుకుపోతుంది. గాజు ఫైబర్ మోయదు. యూపీఎస్‌ను సర్వర్‌కు పెట్టి, మధ్యలోని స్విచ్‌లను, ఇంటర్నెట్ ఫైబర్ పెట్టెను మామూలు కరెంటు మీద వదిలేయడం చాలాచోట్ల కనిపిస్తుంది; కరెంటు పోయిన మరుక్షణం సర్వర్ బతికే ఉన్నా ఎవరికీ అందదు. రెండు ఇంటర్నెట్ కనెక్షన్లు తీసుకుంటే, అవి రెండూ ఒకే స్తంభాల మీదుగా వస్తున్నాయేమో బయటికి వెళ్లి చూడండి. ఒక ఎత్తైన లోడు లారీ రెండింటినీ ఒకేసారి తెంపగలదు.

ఇక భద్రత. గీసిన పటం ఇక్కడ రెండోసారి పనికొస్తుంది, ఎందుకంటే దాన్ని చూసే నెట్‌వర్క్‌ను వీల్యాన్‌లుగా, అంటే అవే తీగల మీద ఒకదానికొకటి కనబడని భాగాలుగా, విడదీయాలి: లెక్కల కంప్యూటర్లు ఒకటి, కెమెరాలు, హాజరు యంత్రాలు మరొకటి, రైతులు, వ్యాపారులు వాడే వైఫై వేరొకటి. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాం, తయారీదారు పెట్టిన పాస్‌వర్డ్ మార్చని కెమెరాలను, రికార్డర్లను లక్షల్లో వశం చేసుకుంది. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే మరో హానికర ప్రోగ్రాం ఉక్రెయిన్‌లోని ఒక అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ద్వారా ప్రవేశించి, నౌకా రవాణా సంస్థ మేర్స్క్ నెట్‌వర్క్‌లో ఆపేవారు లేక పాకిపోయింది. ముంబై పక్కనున్న జేఎన్‌పీటీ ఓడరేవులో ఆ సంస్థ టెర్మినల్ కూడా స్తంభించింది. వారు 45,000 కంప్యూటర్లను, 4,000 సర్వర్లను తిరిగి సిద్ధం చేసుకోవలసి వచ్చింది. ఒక భాగంలో మొదలైనది మరో భాగంలోకి వెళ్లకుండా గోడలు ఉండటం మీవంటి చిన్న సంస్థకు ఇంకా ముఖ్యం, ఎందుకంటే మీకు తిరిగి కట్టుకునే సిబ్బంది ఉండరు.

మన ప్రాంతంలో నేను చూసిన రాన్సమ్‌వేర్ దాడుల్లో (ఫైళ్లకు తాళం వేసి, తీయడానికి డబ్బు అడిగేవి) ఎక్కువ భాగం ఒకే ద్వారం గుండా వచ్చాయి. ఆడిటర్ ఇంటి నుంచి లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీని చూసుకోవాలని, టాలీ ఉన్న కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే రిమోట్ డెస్క్‌టాప్ పోర్టును (ఇది స్విచ్ మీది రంధ్రం కాదు, నంబరుతో గుర్తించే ద్వారం), అంటే 3389ను, రౌటర్‌లో నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి పెడతారు. నంబరు మార్చినంత మాత్రాన అది దాగదు. ఇంటర్నెట్ అంతటినీ రాత్రింబవళ్లు గాలించే ప్రోగ్రాములు దాన్ని కనిపెడతాయి. ఈ రోజే ఆ పోర్టును మూసి, వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా వేసే రహస్య దారి) ద్వారా, రెండో అంచె ఓటీపీతో మాత్రమే లోపలికి రానివ్వండి. అప్‌డేట్లను కూడా వాయిదా వేయకండి. వానాక్రై అనే రాన్సమ్‌వేర్ 2017 మే 12న విజృంభించినప్పుడు, దాన్ని ఆపగల మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ వచ్చి అప్పటికే దాదాపు రెండు నెలలు. అది వేసుకోని కంప్యూటర్లు ప్రపంచమంతటా దెబ్బతిన్నాయి, వాటిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవి కూడా కొన్ని ఉన్నాయి.

బ్యాకప్ మూడు ప్రతులుగా, రెండు రకాల మాధ్యమాల మీద, ఒకటి ఆవరణకు బయట ఉండాలి. ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉంచే యూఎస్‌బీ డ్రైవ్‌ను బ్యాకప్‌గా లెక్కించకండి. ఫైళ్లకు తాళం పడినప్పుడు దానికీ పడుతుంది. మూడు నెలలకొకసారి బ్యాకప్ నుంచి టాలీ డేటాను వేరే కంప్యూటర్‌లోకి తెచ్చి, తెరిచి, నిల్వలు సరిచూడండి.

చట్టపరంగా మీ మీద ఉన్న బాధ్యత కూడా తెలుసుకోండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, సైబర్ దాడులను గుర్తించిన 6 గంటల్లోగా ఆ సంస్థకు తెలియజేయాలి, లాగ్‌లను (పరికరాలు తమలో జరిగినవాటిని రాసుకునే చిట్టాలను) 180 రోజులు భద్రపరచాలి, పరికరాల గడియారాలను నిర్దేశించిన సమయ సర్వర్లతో కలిపి ఉంచాలి. ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ కెమెరా రికార్డర్‌లో ఒక సమయం, సర్వర్‌లో మరో సమయం ఉంటే ఏది ముందు జరిగిందో ఎవరూ తేల్చలేరు.

ఇవన్నీ పూర్తయిన తర్వాత ఫైర్‌వాల్ తప్పక కొనండి. అప్పుడు సరఫరాదారును మూడు ప్రశ్నలు అడగండి: తనిఖీలన్నీ ఆన్ చేసినప్పుడు వేగం ఎంత వస్తుంది, ఎందుకంటే కరపత్రం మీది పెద్ద అంకె తనిఖీలు లేనప్పటిది; లైసెన్సు పునరుద్ధరణకు ఏటా ఎంత అవుతుంది; హెచ్చరికలు వచ్చినప్పుడు చదివే మనిషి ఎవరు? మూడో ప్రశ్నకు జవాబు లేకపోతే చిన్న మోడల్ చాలు. కొన్న రోజే అడ్మిన్ పాస్‌వర్డ్, కాన్ఫిగరేషన్ ప్రతి, లైసెన్సు ఖాతా మీ సంస్థ పేరిట, మీ చేతికి రావాలని పర్చేజ్ ఆర్డర్‌లోనే రాయించండి.