నడిచిన నాడు కాదు, రెండోనాడు చూడండి

ప్రశ్న: దేవరకొండ దగ్గర మా ఊరు. చెల్లెకు 24 ఏండ్లు. డెంగీ వచ్చిపోయినంక 8 నెలల సంది నీరసం పోతలేదు. రిపోర్టులన్నీ నార్మలే. డాక్టర్ సారు రోజూ అరగంట నడువుమన్నడు. నడిచిన నాడు మంచిగనే ఉంటది, రెండోనాడు పడకేస్తది. వ్యాయామంతో ఇది తగ్గుతదని విదేశాల్ల పరిశోధన చేసి తేల్చిన్రంట. నమ్మాల్నా?

జవాబు: ముందుగాల ఆ నడక ఆపించండి. మీరు రాసినదాంట్లో అసలు మాట "రెండోనాడు". మామూలు నీరసం పని చేసిన పూటే తెలుస్తుంది, ఒక రాత్రి నిద్రతో తేరుకుంటుంది. క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అనే, నెలల తరబడి వదలని అలసట జబ్బులో దెబ్బ తరచుగా 12 నుంచి 48 గంటలు ఆలస్యంగా పడుతుంది. పడ్డాక రోజులు, ఒక్కోసారి వారాలు ఉంటుంది. దీన్ని పీఈఎం (పోస్ట్ ఎక్సర్షనల్ మలైజ్), అంటే శ్రమ తర్వాత కుప్పకూలడం అంటారు. 2015లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఇచ్చిన కొలమానంలో ఇది లేకుండా ఈ జబ్బని నిర్ధారించరు. దానితోపాటు 6 నెలలు దాటి, వెనుకటి పనులు చేసుకోలేనంత అలసట, ఎంత పడుకున్నా తేటపడని నిద్ర ఉండాలి. ఇవిగాక బుర్ర మొద్దుబారడమో, నిలబడితే తేడా చేయడమో ఒకటి ఉండాలి.

అయితే "అన్నీ నార్మల్" అన్న రిపోర్టుల్లో ఏమేం ఉన్నాయో ఒకసారి చూడండి. చాలాసార్లు హిమోగ్లోబిన్ చూసి వదిలేస్తారు. అది బాగున్నా ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ అడుగంటి ఉండొచ్చు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్), బీ12, విటమిన్ డి, షుగర్, క్రియాటినిన్ (కిడ్నీ), లివర్ పరీక్ష, ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపు) ఉండాలి. పొద్దుగూకే యాళ్లకు జ్వరం, బరువు తగ్గడం ఉంటే టీబీ పరీక్ష తప్పదు. మన నల్లగొండ దిక్కు ఇంకోటుంది, నీళ్లలో ఫ్లోరైడ్. మర్రిగూడ, మునుగోడు, చండూరు సంగతి అందరికీ తెలిసిందే. భగీరథ నీళ్లొచ్చినా ఇంట్లో పాత బోరు నీళ్లే తాగుతుంటే పరీక్ష చేయించండి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాంతో వచ్చే ఫ్లోరోసిస్‌లో నడుము, మెడ, కీళ్లు బిగుసుకుపోతాయి. పని చేసిన రెండోనాడు విరుచుకుపడడం దాని తీరు కాదు. అనుమానముంటే ముంజేయి ఎక్స్‌రే, మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష అడగండి.

ఇక పరిశోధన సంగతి. మీకు చెప్పినవాళ్లు చాలామటుకు 2011లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పేస్ ట్రయల్ గురించే చెప్పి ఉంటారు. బ్రిటన్‌లో 641 మంది మీద, మెల్లమెల్లగా పెంచే వ్యాయామంతో సహా కొన్ని చికిత్సలను పోల్చి చూశారు. వాళ్లను చేర్చుకున్న నిర్వచనం ప్రకారం 6 నెలల తీవ్రమైన అలసట ఉంటే చాలు, పీఈఎం ఉండాలన్న షరతు లేదు. అంటే మీ చెల్లెలా రెండోనాడు పడకేయనివాళ్లు కూడా అందులో చేరగలిగారు. పైగా ఏ చికిత్స అందుతోందో రోగులకు తెలుసు, ఎలా ఉందో మార్కులు వేసేదీ వాళ్లే. కదలికలు కొలిచే మీటరును చివర్లో మళ్లీ కట్టి చూడాలన్న ఆలోచనను వదిలేశారు.

అన్నిటికంటే విడ్డూరం ఇది. శరీర సామర్థ్యానికి 100 మార్కుల స్కేలు ఉంది. 65, అంతకన్నా తక్కువ వస్తే రోగిగా చేర్చుకున్నారు. కోలుకున్నట్టు లెక్కగట్టడానికి మొదట 85 రావాలన్నారు, తర్వాత దాన్ని 60కి దించారు. 65తో చేరిన మనిషి 60కి పడిపోయినా ఆ ఒక్క లెక్కలో పాసే! ఆలెం మాథీస్ అనే ఆస్ట్రేలియా రోగి సమాచార హక్కు కింద కొట్లాడితే, 2016లో ట్రిబ్యునల్ ఆ డేటాను బయటపెట్టమంది. మొదటి నియమాలతో మళ్లీ లెక్కగడితే, వ్యాయామం గుంపులో 22 శాతమన్న కోలుకున్నవాళ్లు 4 శాతానికి వచ్చారు, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో 3 శాతం. తమ లెక్కే సరైనదని ఆ పరిశోధకులు వాదిస్తూనే వచ్చారు. కానీ 2021లో బ్రిటన్‌లోని నైస్ సంస్థ తన మార్గదర్శకాల నుంచి, వారవారం పెంచుకుంటూ పోయే వ్యాయామాన్ని తీసేసింది.

అట్లని రోగుల పక్షాన వినిపించేదంతా నిజమనుకోకండి. 2009లో ఎక్స్‌ఎంఆర్‌వీ అనే వైరసే కారణమని సైన్స్ పత్రికలో వచ్చింది. అది ల్యాబులో కలిసిన కల్తీ అని తేలి 2011లో ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. రిటుక్సిమాబ్ మందు నార్వేలో 30 మందిలో బాగా పనిచేసినట్టు కనిపించింది, 151 మందిలో చూస్తే మందు కలపని సెలైన్ కంటే మెరుగు కాలేదు. కాబట్టి ఏ వీడియో పంపినా రెండు సంగతులు అడగండి: చేర్చుకున్నవాళ్లకు పీఈఎం ఉందా, శ్రమ తర్వాత రెండోరోజు కూడా కొలిచారా? వరుసగా రెండు రోజులు సైకిల్ తొక్కించి ఆక్సిజన్ వాడకం కొలిచే పరీక్ష ఒకటుంది. ఆరోగ్యవంతులు రెండో రోజూ దాదాపు అంతే తొక్కుతారు, ఈ జబ్బువాళ్ల అంకెలు పడిపోతున్నట్టు చాలా అధ్యయనాల్లో కనిపించింది. మీ చెల్లెకు మాత్రం ఆ పరీక్ష చేయించకండి, దాంతోనే మంచాన పడొచ్చు.

నయం చేసే మందు ఇప్పటికి లేదు. చేతిలో ఉన్నది పేసింగ్, అంటే ఒంట్లో ఉన్న శక్తి లోపలే పనులు సర్దుకోవడం. ఒక నోటుబుక్కు పెట్టి రెండు వారాలు రాయండి: ఎంతసేపు నిలబడింది, తలస్నానం, ఫోన్ మాటలు, వచ్చిపోయిన చుట్టాలు, ఎండ. రాత్రికి 10కి ఎంత బాగుందో ఒక అంకె వేయండి. అంకె పడిపోయిన రోజు కనిపిస్తే దాని వెనుక రెండు రోజుల పేజీలు తిప్పండి, కారణం అక్కడ దొరుకుతుంది. అందరూ చేసే తప్పు నడకనొక్కటే లెక్కేయడం. మాట్లాడటం, చదవడం, ఏడవడం కూడా ఖర్చే. రెండో తప్పు, బాగున్న నాడు బాకీపడ్డ పనులన్నీ మీదేసుకోవడం. ఆ నాడు చేయగలననిపించిన దాంట్లో మూడింట రెండొంతుల దగ్గరే ఆగాలి.

నాడి కొలవడం కూడా పనికొస్తుంది. పొద్దున పక్క మీంచి లేవకముందు ఏడు రోజులు కొలిచి సగటు తీయండి, దానికి 15 కలపండి. సగటు 72 అయితే హద్దు 87. పనిలో అది దాటితే కూర్చోవాలి, కూర్చున్నా దిగకపోతే పడుకోవాలి. స్నానం స్టూలు మీద, గోరువెచ్చని నీళ్లతోనే. బాగా వేడినీళ్లకు రక్తనాళాలు వదులై కళ్లు తిరుగుతాయి. నిండు బిందె, తడి బట్టల బకెట్ ఆమె చేతికి పోనీయకండి.

నిలబడితే తేడా చేస్తుంటే బీపీ మిషన్‌తో ఇంట్లోనే చూడొచ్చు. 10 నిమిషాలు పడుకోబెట్టి బీపీ, నాడి రాయండి. తర్వాత మడమలు గోడకు 15 సెంటీమీటర్ల దూరంలో పెట్టి, భుజాలు గోడకు ఆనించి నిలబెట్టి 10 నిమిషాలు నిమిషానికోసారి రాయండి. పక్కన ఒకరుండాలి, తూలితే వెంటనే ఆపాలి. బీపీ పడకుండా నాడి 30, అంతకన్నా ఎక్కువ పెరిగి దిగకుండా ఉంటే ఆ కాగితం డాక్టర్‌కు చూపాలి. నీళ్లు, ఉప్పు పెంచడం, బిగుతు మేజోళ్లు దానికి పనికొస్తాయి, కానీ బీపీ, కిడ్నీ చూడకుండా ఉప్పు పెంచొద్దు.

ఊర్లో సెలైన్ ఎక్కించి, సూది వేసి లేపుతామనేవాళ్లకు దూరంగా ఉండండి. ఆ సూదిలో స్టెరాయిడ్ ఉంటే రెండు రోజులు లేచి తిరుగుతుంది, ఆ ఊపులో అతిగా చేసి మళ్లీ పడుతుంది. సూదులు పదేపదే పడితే ఒంట్లో సహజంగా ఊరే హార్మోనే తగ్గిపోతుంది.

హైదరాబాద్ పోవాల్సి వస్తే ముందురోజు, తర్వాత రెండు రోజులు పనేమీ పెట్టకండి. ఆసుపత్రి గేటు దగ్గరే వీల్‌చైర్ అడగండి, ఓపీ లైన్లో మీరు నిలబడండి. డాక్టర్ ముందు ఆమె ఆ అయిదు నిమిషాలు బాగానే మాట్లాడుతుంది, ఆయనకు జబ్బు కనిపించదు. అందుకే నోటుబుక్కులోని రెండు వారాల అంకెలు ఒక్క కాగితం మీదికి ఎక్కించి, ఓపీ చీటీతోపాటు ఆయన చేతికివ్వండి.